ఎక్లిప్స్‌లో చీట్ షీట్స్ పెట్టి ల్యాబ్ చెప్పినోళ్ళు ఎవరన్నా ఉండారా? తెలుగులో మనమే రాసుకోవచ్చా?

సుంకేసుల_గట్టు:

అందరికీ నమస్తే. నేను కర్నూల్లో ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను, జావా ల్యాబ్ నాదే, ఎక్లిప్స్‌లో (జావా ప్రోగ్రాములు రాసి నడిపే సాఫ్ట్‌వేర్) చేయిస్తాం. మా దగ్గరికొచ్చే పిల్లలు ఎక్కువమంది ఆలూరు, పత్తికొండ, కోసిగి ఆ పక్క పల్లెలనుంచి వస్తారు, పదో తరగతి దాకా తెలుగు మీడియమే, తెలివికి ఏం తక్కువ లేదు గానీ ల్యాబ్ మాన్యువల్ ఇంగ్లీషులో చేతికిస్తే మాత్రం దాన్ని పక్కన పెట్టేసి నా మొహం చూస్తారు. ప్రాజెక్ట్ ఎట్ల ఓపెన్ చేయాలి, క్లాస్ యాడ పెట్టాలి, రన్ ఎట్ల కొట్టాలి, ఇదే మాట ఒక్కో సిస్టమ్ దగ్గరికి పోయి చెప్పుకుంటా వచ్చేసరికి పీరియడ్ అయిపోతాంది, అసలు ప్రోగ్రామ్ గురించి మాట్లాడేది యాడ ఇంగ.

మొన్న హెల్ప్ మెనూలో ఏదో వెతుకుతాంటే చీట్ షీట్స్ అని కనపడింది. తెరిస్తే జావా డెవలప్‌మెంట్ కింద హలో వరల్డ్ ఒకటి ఉంది. పక్కన ఒక ప్యానెల్ తెరుచుకుంది, అందులో మెట్టు మెట్టుగా చెప్తాంది, ముందు జావా పర్‌స్పెక్టివ్ (జావా పనికి తగ్గ స్క్రీన్ అమరిక), తర్వాత ప్రాజెక్ట్, తర్వాత క్లాస్, ప్రింట్ లైను, ఆఖర్న రన్. ఒక్కో మెట్టు కింద నొక్కేదానికి ఒక లింకు ఉంది, నొక్కితే దానికి కావాల్సిన విండో అదే తెరుస్తాంది, మనం నింపి ఫినిష్ కొడితే ఆ మెట్టుకి టిక్కు పడి తర్వాతది తెరుచుకుంటాది. నాకు శానా నచ్చింది. ఇన్నేళ్ళుగా ఇది ఈడనే ఉంటే ఎవరూ చెప్పలేదేంది అనిపించింది.

ఇప్పుడు అడిగేదేందంటే, ఇట్లాంటిది మనమే మన సిలబస్‌కి తగ్గట్టు తెలుగులో రాసి పెట్టొచ్చా? దానికి ప్లగిన్లు గిగిన్లు రాయాల్సి వస్తాదా? ల్యాబ్‌లో నెట్ ఉన్నట్టే ఉంటాది గానీ దాన్ని నమ్ముకోని క్లాసు పెట్టలేం, అందుకని సిస్టమ్‌లోనే ఉండాల. ఇంకోటి, మా హెచ్ఓడీ సార్ వచ్చే సెమిస్టర్‌కి వీఎస్ కోడ్‌కి (ఇదీ ఎక్లిప్స్ మాదిరి కోడ్ రాసే సాఫ్ట్‌వేరే) మారుదామంటాండారు, దాంట్లో కూడా ఇట్లాంటిది ఉందా? వాడినోళ్ళు చెప్పండప్పా.

పెన్నహోబిలం:

మేడం (లేక సారో, తెలీదు, ఏమనుకోవద్దు), బ్రహ్మాండంగా రాసుకోవచ్చు. నేను అనంతపురంలో ట్రైనింగ్ చెప్తుంటాను, మా బ్యాచ్‌లకి ఇదే వాడతా.

ప్లగిన్ అక్కర్లేదు. చీట్ షీట్ అంటే లోపల ఉత్త ఎక్స్ఎమ్ఎల్ ఫైలు, అంతే. పైన చీట్‌షీట్ అనే ట్యాగ్, దానికి టైటిల్, లోపల ఇంట్రో ఒకటి, ఆ తర్వాత ఎన్ని మెట్లు కావాలంటే అన్ని ఐటెమ్‌లు, ఒక్కో ఐటెమ్‌కి టైటిల్, డిస్క్రిప్షన్. నోట్‌ప్యాడ్‌లో రాసినా పనిచేస్తాది. హెల్ప్‌లో చీట్ షీట్స్ నొక్కినప్పుడు వచ్చే డబ్బాలో కిందకి చూడండి, జాబితాలోంచి ఎంచుకునేదే కాకుండా ఫైలు నుంచి తెరిచేదానికి ఒకటి, వెబ్ అడ్రస్ నుంచి తెరిచేదానికి ఒకటి ఉంటాయి. ఫైలుది పట్టుకోండి. ఒక ఫైలు రాసి అన్ని సిస్టమ్‌ల డి డ్రైవ్‌లో కాపీ చేస్తే సరిపోయె, నెట్‌తో పనే లేదు.

తెలుగు గురించి. ఫైలు సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలు ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 పెట్టండి, మొదటి లైన్‌లో కూడా ఎన్‌కోడింగ్ అదే రాయండి. ఇది తేడా కొడితే ప్రశ్నార్థకాలు, పిచ్చి గీతలు వస్తాయి. విండోస్‌లో అయితే తెలుగు ఫాంట్ ముందే ఉంటాది కాబట్టి ఇబ్బంది లేదు. ఉబుంటు ల్యాబ్ అయితే అక్షరాల బదులు డబ్బాలు కనపడొచ్చు, అప్పుడు లోహిత్ తెలుగో పోతన ఫాంటో వేసుకోండి (పోతన ఒంటిమిట్టోడా బమ్మెరోడా అనే గొడవ ఈడ ఎత్తొద్దు ఎవరూ, దండం పెడతా). డిస్క్రిప్షన్‌లో పెద్ద డిజైన్లు కుదరవు, అక్షరం లావు చేసుకోవచ్చు, లైను తెంచుకోవచ్చు, ఆ రెండు ట్యాగ్‌లే ఒప్పుకుంటాది, బొమ్మలు పెట్టాలని తిప్పలు పడొద్దు.

మీరు చూసిన ఆ నొక్కే లింకు ఉంది చూడండి, అది రావాలంటే ఐటెమ్ లోపల కమాండ్ అని ఇంకో ట్యాగ్ పెట్టాల, దాంట్లో ఎక్లిప్స్ సొంత కమాండ్ పేరు పొడుగ్గా రాయాల, కొత్త ప్రాజెక్ట్ విజార్డ్‌ది ఒకటి, కొత్త క్లాస్‌ది ఒకటి అట్ల. చేత్తో రాస్తే చుక్క తేడా వచ్చినా పనిచేయదు. మీ ఎక్లిప్స్‌లో పీడీఈ అనే ప్లగిన్ డెవలప్‌మెంట్ భాగం ఉంటే ఫైల్, న్యూ, అదర్ లోకి పోతే యూజర్ అసిస్టెన్స్ కింద చీట్ షీట్ అని ఉంటాది, దాంతో చేస్తే ఎడిటర్ తెరుచుకుంటాది, కమాండ్‌లు బ్రౌజ్ కొట్టి వెతుక్కోవచ్చు. ఉత్త జావా డెవలపర్ల ప్యాకేజీ దించుకోనుంటే అది ఉండదు. మీ ఒక్క సిస్టమ్‌లో పీడీఈ ఉండేది వేసుకోని ఫైలు తయారు చేసుకోండి, పిల్లల సిస్టమ్‌లకి ఆ ఫైలొకటి పోతే చాలు.

ఇది కొత్తదేం కాదు, 2004లో ఎక్లిప్స్ 3.0 వచ్చినప్పటినుంచి ఉంది. 2006లో 3.2తో కాంపోజిట్ చీట్ షీట్ అని ఇంకోటి కలిపినారు, అంటే చిన్న చిన్న చీట్ షీట్లన్నీ ఒక చెట్టు మాదిరి పేర్చి, ఇది అయినాకే అది తెరుచుకోవాల అని కట్టడి పెట్టొచ్చు. సెమిస్టర్ మొత్తం ల్యాబ్‌లు అందులో పేర్చుకోవచ్చు గానీ ముందు ఒక్కటి రాసి చూడండి, ఎకాఎకిన దాంట్లోకి దిగొద్దు.

కొండారెడ్డి_బురుజు:

నేను ఒప్పుకోను దీనికి. పదిహేనేళ్ళు పైగా ఇదే పనిలో ఉండా, ఇట్లాంటి గైడ్‌లతో నేర్చుకోని వచ్చిన పిల్లోళ్ళని ఇంటర్వ్యూ చేసినా. సంగటి ముద్ద చేసి పులుసులో అద్ది నోట్లో పెట్టినట్టుంటాది ఆ లింకుల యవ్వారం. నొక్కుతారు, విండో వస్తాది, నింపుతారు, ఫినిష్, టిక్కు. మరుసటి రోజు ఆ ప్యానెల్ మూసేసి కొత్త ప్రాజెక్ట్ చేయి నాయనా అంటే మెనూలో యాడుందో తెలీదు, ఎందుకంటే వాడెప్పుడూ మెనూ తెరవలేదు, లింకు తెరిచింది.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామ్‌లో వచ్చే సార్ చీట్ షీట్ పెట్టుకోనిస్తాడా? పేరు చూస్తేనే బయటకి పంపిస్తాడు.

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌తో వచ్చే విమ్‌ట్యూటర్ చూడండి ఒకసారి. అరగంటలో అయిపోతాది. ఒక ఫైలు తెరుస్తాది, దాంట్లోనే తప్పు లైన్లు ఉంటాయి, దాంట్లోనే ఏ కీ కొట్టాలో రాసుంటాది, కొట్టేది మాత్రం నువ్వే. బటన్ లేదు, టిక్కు లేదు. అట్ల నేర్చుకున్నది వేళ్ళల్లో ఉండిపోతాది. గైడ్ అంటే అట్లుండాల.

సుంకేసుల_గట్టు:

@పెన్నహోబిలం మేడమే 🙂 శానా థ్యాంక్స్, ఫైలు నుంచి తెరవొచ్చు అనేది నాకు తెలీదు, ఆ డబ్బాలో కిందకి చూడనేలేదు.

@కొండారెడ్డి_బురుజు సార్ మీరు చెప్పింది నాకూ అనిపించింది, అందుకే అడిగినా. కానీ సార్ మీ ఇంటర్వ్యూకొచ్చేదానికంటే శానా ముందున్నోళ్ళు మా పిల్లలు. మౌస్ రైట్ క్లిక్ అంటే ఏందో మొదటి వారంలో నేర్చుకుంటారు కొందరు. వాళ్ళకి మెనూ దొరక్క పీరియడంతా పోతే ప్రోగ్రామ్ ఎప్పుడు రాస్తారు? మొదటి రెండు మూడు ల్యాబ్‌లకి చేయి పట్టుకోని, తర్వాత వదిలేసే దారి ఏదన్నా ఉంటే చెప్పండి. వద్దు అంటే ఎట్ల?

పెన్నహోబిలం:

బురుజు సార్ మాటలో సగం నిజముంది, ఆ సగానికి మందు చీట్ షీట్‌లోనే ఉంది మేడం. కమాండ్ ట్యాగ్ పెట్టకుండా ఉత్త టైటిల్, డిస్క్రిప్షన్‌తోనే ఐటెమ్ రాయొచ్చు. అప్పుడు విండో తెరిచే లింకు రాదు, అయిపోయింది అని చెప్పే లింకొకటే వస్తాది. పిల్లోడు చదువుకోని, చేత్తో మెనూ తెరిచి, చేసి, ఆ తర్వాత వచ్చి అది నొక్కాల.

కాబట్టి మీరు ఇట్ల చేయండి. మొదటి ల్యాబ్ షీట్‌లో ప్రాజెక్ట్‌కి, క్లాస్‌కి రెంటికీ కమాండ్ పెట్టండి. రెండో షీట్‌లో అవే మెట్లు, కమాండ్ తీసేయండి, ఏ మెనూలో పోవాలో మాటల్లో రాయండి. మూడో దాంట్లో ఆ మాటలు కూడా తీసేసి ల్యాబ్3 అనే పేరుతో ప్రాజెక్ట్ చేసుకో అని ఒక్క ముక్క రాసి వదిలేయండి. నడిమధ్యది కూడా ఒకటుంది, కమాండ్ ఉంటాది గానీ అది తప్పనిసరి కాదు అని రిక్వైర్డ్ అనే దాంట్లో ఫాల్స్ పెట్టొచ్చు, అప్పుడు రెండు లింకులూ కనపడతాయి, తెలిసినోడు తనే చేసుకోని అయిపోయింది నొక్కుతాడు, తెలీనోడు లింకు నొక్కుతాడు. నేనైతే రెండో వారానికి ఇదే పెడతా.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కమాండ్ లేని మెట్టులో పిల్లోడు నిజంగా చేసినాడా లేదా అని ఎక్లిప్స్ చూడదు. ఊరికే అయిపోయింది అయిపోయింది అని నొక్కుకుంటా పోతే అన్నిటికీ టిక్కులు పడతాయి. టిక్కులు చూసి మార్కులు వేయొద్దు, ఔట్‌పుట్ చూడండి.

గండికోట_లోయ:

వీఎస్ కోడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తా. కడపలో ఉండి ఇంటినుంచే పని, మా టీమ్‌లో కొత్తోళ్ళు వచ్చినప్పుడు ఇవి వాడతాం.

దాంట్లో దీన్ని వాక్‌త్రూ అంటారు. వెల్‌కమ్ పేజీలో కనపడేవి అవే, లేకపోతే కంట్రోల్ షిఫ్ట్ పి కొట్టి ఓపెన్ వాక్‌త్రూ అని వెతికితే వేసుకున్న ఎక్స్‌టెన్షన్లవి (వీఎస్ కోడ్‌కి అదనంగా కలుపుకునే ముక్కలు) అన్నీ వస్తాయి. ఎడమ పక్కన మెట్లు, కుడి పక్కన బొమ్మో రాతో. ఎక్లిప్స్ కంటే చూసేదానికి బాగుంటాది, బొమ్మలు పెట్టొచ్చు, మార్క్‌డౌన్ రాయొచ్చు. కానీ ఉత్త ఫైలు ఇచ్చి తెరువు అంటే తెరవదు, ఎక్స్‌టెన్షన్ చేయాల. భయపడాల్సిన పనిలేదు, కోడ్ ఏం రాయక్కర్లా, ప్యాకేజ్ జేసన్ అని ఎక్స్‌టెన్షన్ వివరాలుండే ఫైల్లో కాంట్రిబ్యూట్స్ కింద వాక్‌త్రూస్ అని మెట్లు రాసుకుంటే చాలు, దాన్ని విసిక్స్ (.vsix, ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చేసేదానికి వాడేది) ఫైలుగా కట్టి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్స్‌టెన్షన్స్ ప్యానెల్ మీద మూడు చుక్కల మెనూలో ఇన్‌స్టాల్ ఫ్రమ్ విసిక్స్ కొడితే నెట్ లేకుండానే ఎక్కుతాది. జావా ఎక్స్‌టెన్షన్లు కూడా అట్లనే ముందు దించి పెట్టుకోండి.

దీంట్లో నాకు నచ్చేది టిక్కు పడే పద్ధతి. కంప్లీషన్ ఈవెంట్స్ అని రాస్తే ఫలానా కమాండ్ నడిస్తేనో, ఫలానా ఎక్స్‌టెన్షన్ ఎక్కితేనో, ఫలానా సెట్టింగ్ మారితేనో దానంతటది టిక్కు పడతాది, పిల్లోడు ఏ దారిన పోయి చేసినా సరే, మెనూ నుంచైనా షార్ట్‌కట్ కొట్టినా. బురుజు సార్ బాధ కొంచెం తీరుతాది. అవి రాయకుండా వదిలేస్తే మాత్రం బటన్ నొక్కంగానే, బటన్ లేకపోతే ఆ మెట్టు తెరవంగానే టిక్కు పడిపోతాది, అది ఎందుకూ పనికిరాదు.

అసలు నన్నడిగితే టూల్ నేర్పించేదానికి వాక్‌త్రూ, ప్రోగ్రామ్ నేర్పించేదానికి కోడ్‌టూర్. ఇది వేరే ఎక్స్‌టెన్షన్. ముందే రాసిన ప్రోగ్రామ్ తెరిచి రికార్డ్ కొట్టి ఈ లైను దగ్గర ఒక మాట, ఆ లైను దగ్గర ఒక మాట అని రాసుకుంటా పోతే, చూసేవాడికి నెక్స్ట్ నెక్స్ట్ అంటా ఆ లైన్ల మీదకే తీసుకపోయి చూపిస్తాది. ఆ రాసిందంతా ప్రాజెక్ట్‌లోనే డాట్ టూర్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాది కాబట్టి ప్రాజెక్ట్ కాపీ చేస్తే టూర్ కూడా వస్తాది. ఇది ఎందుకు ఈడ చెప్తాండానంటే, లూప్‌లో వేరియబుల్ ఎందుకు సున్నా నుంచి మొదలైంది అనేది ఏ చీట్ షీటూ చెప్పలేదు, అది ఆ లైను పక్కన నిలబడి తెలుగులో చెప్పాల్సిన మాట. మాట లైను నంబరుకి కట్టేసి ఉంటాది కాబట్టి తర్వాత పైన నాలుగు లైన్లు కలిపితే మాట ఒక చోట, కోడ్ ఇంకో చోట పడొచ్చు. నంబరు బదులు లైన్‌లో ఉండే ముక్కని పట్టుకునేటట్టు కూడా పెట్టొచ్చు గానీ ల్యాబ్ ప్రోగ్రాములు ఎవరు మారుస్తారులే.

కొండారెడ్డి_బురుజు:

దానంతటది టిక్కు పడేది బాగుంది, అది ఒప్పుకుంటా. అట్లాంటిదే ఇంటెల్లీజే అనే ఇంకో జావా సాఫ్ట్‌వేర్‌లో లెర్న్ ట్యాబ్‌లో కూడా ఉంది, చెప్పిన పని నువ్వు చేస్తేనే తర్వాత దానికి పోతాది. కాకపోతే అది వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఎట్ల వాడాలనేది నేర్పిస్తాది, పాత ల్యాబ్ సిస్టమ్‌ల మీద ఇంటెల్లీజే ఏపాటి కదులుతాదో మేడంకే తెలియాల.

చేయి వదిలేసే మూడు షీట్ల లెక్క అయితే సరే. మూడోది మర్చిపోకుండా పెట్టండి మేడం, అందరూ మొదటిది రాసి బాగుందని ఆడనే ఆగిపోతారు.

రెండో_బెంచి:

నేను స్టూడెంట్‌ని, జేఎన్‌టీయూ అనంతపురం కింద కాలేజీ, సెకండ్ ఇయర్. మేడం మీరు రాసేటప్పుడు రెండు విషయాలు తప్పకుండా పెట్టండి, మా ల్యాబ్‌లో అందరం ఈడనే ఇరుక్కుంటాం.

ఒకటి, కొత్త ఎక్లిప్స్‌లో ప్రాజెక్ట్ చేసే విండోలో కింద మాడ్యూల్ ఇన్ఫో ఫైలు చేయాలా అని ఒక టిక్కు డబ్బా ఉంటాది. అది చూడకుండా ఫినిష్ కొట్టి, ప్యాకేజీ పేరు పెట్టకుండా క్లాస్ చేస్తే క్లాస్ మొదటి లైనుకే ఎర్ర గీత వచ్చేస్తాది, పేరున్న ప్యాకేజీ రాయాల అంటాది, మేమేమో ప్రోగ్రామ్ తప్పేమో అని దాన్ని మళ్ల మళ్ల టైప్ చేస్తాం. ఆ డబ్బాలో టిక్కు తీసేయి అని ఒక మెట్టు పెట్టండి, లేదా ప్యాకేజీ పేరు పెట్టడం మొదటినుంచే అలవాటు చేయండి.

రెండు, క్లాస్ చేసే విండోలో మెయిన్ మెథడ్ డబ్బా. దానికి టిక్కు పెడితే ఆ పొడుగు లైను అదే వస్తాది. పెట్టమని చెప్తారో చేత్తోనే రాయమంటారో మీ ఇష్టం, ఎగ్జామ్‌లో పేపర్ మీద మాత్రం రాయాల్సిందే.

ఒక డౌట్. మా ల్యాబ్‌లో ఒకే సిస్టమ్‌లో పొద్దున ఒక బ్యాచ్ మధ్యాన్నం ఒక బ్యాచ్ కూర్చుంటాం. పొద్దున వాళ్ళు చీట్ షీట్ చేసిపోతే మాకు అన్నీ టిక్కులు పడే కనపడతాయా?

పెన్నహోబిలం:

మంచి ప్రశ్న తమ్ముడూ. కనపడతాయి. ఏ మెట్టు దాకా వచ్చినావు అనేది ఆ వర్క్‌స్పేస్‌లోనే (ప్రాజెక్టులన్నీ ఉండే ఫోల్డర్) దాచిపెడతాది ఎక్లిప్స్, మధ్యలో మూసేసి రేపొచ్చి తెరిచినా ఆడినుంచే మొదలుపెట్టేదానికి. ఒకే వర్క్‌స్పేస్ ఇద్దరు వాడితే ఒకరి టిక్కులు ఇంకొకరికి కనపడతాయి. పైన ఇంట్రో దగ్గర మళ్ల మొదలుపెట్టే లింకు వస్తాది, అది నొక్కితే అన్నీ పోయి కొత్తగా మొదలవుతాది. దానికంటే బ్యాచ్‌కొక వర్క్‌స్పేస్ ఫోల్డర్ పెట్టుకుంటే మేలు, ఎక్లిప్స్ తెరిచేటప్పుడు ఎట్లాగూ అడుగుతాది కదా, డి డ్రైవ్‌లో పొద్దున ఒకటి మధ్యాన్నం ఒకటి. ప్రోగ్రాములు కూడా కలిసిపోవు.

మేడం ఇంకొక మాట, తెలుగులో రాసేటప్పుడు మెనూ పేర్లని మాత్రం తెలుగు చేయొద్దు, స్క్రీన్ మీద ఎట్ల కనపడతాయో అట్లనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి, లావు అక్షరాల్లో. "కొత్తది నొక్కండి" అని రాస్తే పిల్లోడు స్క్రీన్ మీద కొత్తది కోసం వెతుకుతాడు. ఒక్కో మెట్టు రెండు లైన్లు దాటనీయొద్దు, ఆ ప్యానెల్ సన్నగా ఉంటాది, పొడుగు రాస్తే కిందకి జరుపుకుంటా చదవరు. ప్రతి మెట్టు చివర అది సరిగ్గా అయితే స్క్రీన్ మీద ఏం కనపడాలో ఒక ముక్క రాయండి, ఎడమ పక్కన ప్యాకేజ్ ఎక్స్‌ప్లోరర్‌లో నీ ప్రాజెక్ట్ పేరు కనపడిందా, కింద కన్సోల్‌లో నీ పేరు ప్రింట్ అయిందా, అట్ల. మిమ్మల్ని పిలిచేది సగం తగ్గిపోతాది.

సుంకేసుల_గట్టు:

అందరికీ పేరు పేరునా థ్యాంక్స్. ఈ రోజు మధ్యాన్నం కూర్చోని మొదటిది రాసినా, ఉత్త ఎక్స్ఎమ్ఎల్, నోట్‌ప్యాడ్‌లోనే, కమాండ్‌లు ఇంకా పెట్టలేదు, తెలుగు అక్షరాలు చక్కగా వచ్చినాయి. మాడ్యూల్ డబ్బా మెట్టు పెట్టినా @రెండో_బెంచి, ఆ ఎర్ర గీత మా ల్యాబ్‌లో కూడా వారానికొకసారన్నా వస్తాది. వీఎస్ కోడ్ సంగతి హెచ్ఓడీ సార్‌కి చూపిస్తా, ఆయన ఎక్స్‌టెన్షన్ అంటే ఏమంటాడో.

కమాండ్‌ల కోసం పీడీఈ ఉండే ప్యాకేజీ దించుతాండా, ఇంట్లో నెట్‌తో. పెన్నహోబిలం సార్, కొత్త క్లాస్ విజార్డ్‌కి కమాండ్ పెట్టినప్పుడు పిల్లోడు విండో తెరిచి క్యాన్సిల్ కొడితే టిక్కు పడతాదా పడదా?

పెన్నహోబిలం:

అది మీ సిస్టమ్‌లోనే ఒకసారి క్యాన్సిల్ కొట్టి చూసుకోండి మేడం, వెర్షన్‌ని బట్టి నేను మాట ఇవ్వను. అనుమానంగా ఉంటే కమాండ్ ట్యాగ్‌లో కన్ఫర్మ్ అనేది ట్రూ పెట్టండి, అప్పుడు విండో మూసినాక కూడా పిల్లోడు తనే వచ్చి అయిపోయింది అని నొక్కితేగానీ ముందుకి పోదు. ఫైలు అయినాక ఈడ పెట్టండి, మా బ్యాచ్‌లకి కూడా వాడుకుంటా.

రెండో_బెంచి:

నాకు కూడా 🙏 మా ల్యాబ్ సార్‌కి ఇస్తా